సాలూరు టీవీలో బాణాలు లెక్కపెట్టిన రోజు

టీవీల కొట్టులో పద్నాలుగేళ్లు చేశాను కాబట్టి ఒక మాట ముందే చెప్పేస్తాను, తర్వాత చెప్పలేదనకండి. టీవీ అట్టపెట్టె మీద ఉండే అంకెల్లో అన్నిటికంటే లావుగా అచ్చేసిన అంకె కొనేవాడి కోసం రాసింది కాదు, అమ్మేవాడి కోసం రాసింది. ఈ చిన్న సంగతి నా బుర్రకెక్కడానికి పదకొండేళ్లు పట్టింది. మీలో ఎవరైనా ఈమధ్యనే రాజాంలోనో బొబ్బిలిలోనో ఇలాంటి కొట్టులో చేరి, యూనిఫాం చీర కట్టుకుని గుమ్మం దగ్గర నిలబడుతుంటే ఇది చదవండి. మీకు అన్నేళ్లు పట్టక్కర్లేదు.

నేను చదివింది ఐదో తరగతి. అందులోనూ ఆఖరి ఏడు సగం రోజులు వేరుశనగ చేలోనే గడిచింది. పెళ్లయ్యాక నార మిల్లులో గోనెసంచులు కుట్టే సెక్షన్‌లో చాన్నాళ్లు చేశాను. ఆ పని మానేశాక రాజాం వచ్చి ఈ కొట్టులో తుడిచే పనికి కుదిరాను. తుడిచేదాన్ని అమ్మేదాన్ని ఎలా అయ్యానంటే, అదేమంత గొప్ప కథ కాదు. కొట్టుకు వచ్చే ఆడవాళ్లు సేల్స్‌వాళ్లు చెప్పేదంతా విని, తలూపి, మెల్లగా పక్కకు వచ్చి, చేతిలో గుడ్డ పట్టుకున్న నన్ను అడిగేవాళ్లు, ఏది మంచిదని. నేను ఉన్నమాట చెప్పేదాన్ని. "ఆ పెద్దది మీ గదిలో పెడితే గోడ కనపడదు, మెడ నొప్పెడతాది. సిన్నది తీసుకో." ఓనరు రెండు నెలలు గమనించాడు. నేను చిన్నది తీసుకోమన్నవాళ్లు ఏదో ఒకటి కొనుక్కునే వెళ్తున్నారు. సేల్స్‌వాళ్లు పెద్దది అంటగట్టబోయినవాళ్లు ఆలోచించుకుని వస్తామని జారుకుంటున్నారు. మూడో నెల నా చేతిలో గుడ్డ తీసేసి రిమోట్ పెట్టాడు.

ఓనరు నాకంటే ఇరవయ్యేళ్లు చిన్న. మా వైపు అక్కని పిలిచినట్టు నన్ను అప్పా అనేవాడు, నేను బాబూ అనేదాన్ని. అయినా మా ఇద్దరిలో ఎక్కువ తిట్లు నా నోటి నుంచే వెళ్లేవి. ఏసీ ఉత్తినే తిరుగుతున్నా, పట్టపగలు బోర్డు లైటు వెలుగుతున్నా నేను ఊరుకోను. కొట్టులో పారేసే వస్తువంటూ ఉండకూడదని నా పట్టుదల. పాత టీవీలు ఎక్స్‌చేంజికి వస్తే వాటితో వచ్చిన వైర్లన్నీ తుడిచి, చుట్టలు చుట్టి, రబ్బరు బ్యాండ్లు వేసి ఒక బిస్కెట్ డబ్బాలో దాచేదాన్ని. కొన్నవాళ్లు "మళ్లీ వైరు కూడా కొనాలేటి?" అని మొహం మాడ్చుకుంటే, డబ్బా మూత తీసి ఒకటి ఊరికే ఇచ్చేదాన్ని. వాళ్లకు సంతోషం, నాకు డబ్బాలో ఇంకొకటి పట్టే చోటు.

ఇక మా కొట్టులో టీవీని పరీక్షించే పద్ధతి. అన్ని టీవీలకూ ఒకటే పెన్‌డ్రైవ్, అందులో ఒకటే వీడియో. సముద్రం అడుగున చేపలు తిరుగుతుంటాయి. ఎర్ర చేప, పసుపు చేప, ఆఖర్న ఒక ముసలి తాబేలు. కొనేవాళ్లు ఆ తాబేలు వచ్చేదాకా కదిలేవాళ్లు కాదు. తాబేలు వెళ్లాక "బాగున్నాది" అనేవాళ్లు. ఆ నీళ్లలో తొందరపడి పోయే జీవి ఒక్కటీ లేదు. అలాంటి బొమ్మ ఏ టీవీలో పెట్టినా బాగానే ఉంటుందని నాకు తట్టలేదు, ఓనరుకూ తట్టలేదు. గల్ఫ్‌లో తొమ్మిదేళ్లు చేసి వచ్చిన మా మెకానిక్‌కు తట్టే ఉంటుంది, కానీ అడిగితే తప్ప చెప్పే రకం కాదు. మొత్తానికి కంప్యూటరు తగిలించి చూపించండని మమ్మల్ని ఎవరూ అడగలేదు, మేము తగిలించనూ లేదు.

అలా ఉండగా ఒక బుధవారం సాలూరు నుంచి మొగుడూ పెళ్లామూ వచ్చారు. ఆమెది మా రాజాం పక్క పల్లె, అందుకని ఇంత దూరం వచ్చారు. రాగానే నన్ను పిన్నీ అంది. ఇంకేముంది, ఆయనకు అత్తనైపోయాను. ఆయన లారీ డ్రైవరు. పాతికేళ్లు తోలాడు. నడుం పోయింది. ఇంక లారీ ఎక్కితే ఈసారి మంచం మీద నుంచి లేవవని విశాఖపట్నం డాక్టరు చెప్పి రెండేళ్లయింది. కొట్టులో కుర్చీ వేస్తే కూర్చోకుండా గోడకు చేరబడి నిలబడ్డాడు.

"టీవీ సూడ్డానికి కాదత్తా," అన్నాడు. "పనికి."

"టీవీతో పనేటి?"

ఆయన చెప్పింది నాకు మొదట అర్థం కాలేదు. ఎక్కడో డ్రైవరు లేకుండా నడిచే బండ్లు తయారవుతున్నాయట. వాటికి రోడ్డు మీద ఏది లారీయో, ఏది ఆవో, ఏది మనిషో నేర్పాలట. అందుకోసం రోడ్ల ఫొటోలు కంప్యూటరుకు పంపిస్తారు. ఇంట్లో కూర్చుని ఒక్కొక్కదాని చుట్టూ మౌసుతో గడి గీసి, ఇది లారీ, ఇది మనిషి అని గుర్తు పెట్టాలి. గడి వదులుగా ఉండకూడదు, వస్తువును కోయకూడదు. ఆయన అక్క కొడుకు కంప్యూటరు పాతదొకటి ఇచ్చాడు. లాప్‌టాప్ మంచిదే, తెర మాత్రం పగిలి సగం నల్లగా అయిపోయింది. తెర మార్పించే బదులు దానికి టీవీ తగిలించుకుంటే పని జరుగుతుంది, పని లేనప్పుడు ఆమె సీరియల్ చూసుకుంటుంది. నాకు ఆ లెక్క ఎంత నచ్చిందో చెప్పలేను.

"పరీక్ష పెట్టారు పిన్నీ," అంది ఆమె. "మూడొందల ఫొటోలు. శనివారం సాయంత్రం అయిదింటికల్లా పంపాలంట. తప్పులుంటే తీసుకోరంట. మళ్లీ పరీక్ష కూడా పెట్టరంట."

"తీసుకోకపోతే?"

ఆమె ఆయన వైపు చూసింది. ఆయన టీవీలో తాబేలు వైపు చూశాడు.

"సోమారం రాయ్‌పూర్ లోడున్నాది," అన్నాడు. "పాత లారీ ఓనరు ఫోన్ సేసాడు. ఎల్తాను."

"ఎల్లి సస్తాడు," అంది ఆమె, బజారులో కూర ధర చెప్పినంత మామూలుగా.

నేను వెంటనే నలభై మూడు అంగుళాల ఫోర్ కే టీవీ దగ్గరికి తీసుకెళ్లాను. పెట్టె మీద నూట ఇరవై అని నా అరచేయంత అంకె ఉంది. ఆ అంకె దేనికో మాకు కంపెనీ మనిషి ఒకసారి చెప్పి వెళ్లాడు. బొమ్మ ఎంత చురుగ్గా కదులుతుందో చెప్పే అంకె అట. "మామూలు టీవీలకి అరవయ్యే. దీనికి నూట ఇరవై. నీ మౌసు పరిగెడతాది," అన్నాను, నేనే తయారు చేసినట్టు. పైగా డబ్బా తీసి ఒక పాత హెచ్‌డీఎమ్‌ఐ వైరు ఊరికే ఇచ్చాను. ఆమె రెండు చేతులతో తీసుకుంది.

గురువారం మధ్యాహ్నం ఫోన్. "పిన్నీ, మౌసు ఇక్కడ తోస్తే అక్కడెక్కడో ఆగుతన్నాది. గడి గీస్తే లారీ ఒకచోట, గడి ఒకచోట."

నేను తడుముకోలేదు. రిమోట్ నొక్కించి, కదలికలను నున్నగా చేసే సెట్టింగు ఒకటి ఉంటుంది, దాన్ని ఆఖరిదాకా పెంచించాను. నూట ఇరవై అంతా బయటికి రావాలంటే అదే దారి అని నా నమ్మకం. అది ఎంత తప్పో ఇప్పుడు చెబితే మీరు నవ్వుతారు. ఆ సెట్టింగు చేసేదేమిటంటే, వచ్చిన రెండు బొమ్మల మధ్య తానొక బొమ్మ కల్పించి పెడుతుంది. సినిమాకు బాగుంటుంది. మౌసుకైతే, ఆ కల్పించేందుకు పట్టే కాస్త సమయం కూడా తోడై, చెయ్యి ముందు, తెర మీది మౌసు బాణం వెనక అవుతుంది. మిల్లులో మేస్త్రి తనకు పని తెలియకపోయినా గట్టిగా చెప్పేవాడు, మేము కుట్టు విప్పి కుట్టేవాళ్లం. ఆ రోజు నేను ఆ మేస్త్రినయ్యాను.

శుక్రవారం మళ్లీ ఫోన్. ఈసారి ఆయనే. గొంతు మెత్తగా ఉంది. మెత్తగా మాట్లాడే డ్రైవర్లంటే నాకు భయం. "అత్తా, నిన్నటికంటే ఎనక్కెల్లిపోయింది. నూట పది ఫొటోలు సేసాను. అందులో సగానికి ఎర్ర గుర్తు ఎట్టి ఎనక్కి పంపేసారు. పోనీలే. నీ తప్పేటి లేదు."

నా తప్పేమీ లేదని ఆయన అనకపోయి ఉంటే ఆ రాత్రి నేను అన్నం తినేదాన్నే.

శనివారం పొద్దున్నే కొట్టు తలుపు తీసేటప్పటికి ఓనరు ముందు నిలబడ్డాను. "బాబూ, ఆ సాలూరు టీవీ."

"అట్ట విప్పాక వాపసు లేదప్పా. నీకు తెలీదేటి?"

"వాపసు ఎవలడిగారు? సెలవు అడుగుతన్నాను."

ఆయన నా మొహం చూసి సెలవిచ్చేశాడు. మెకానిక్ ఆ రోజు పాలకొండలో నాలుగు ఇళ్లలో టీవీలు బిగించాలి, రాలేడు. కానీ విషయమంతా విని, తల గోక్కుని, "పాత వైరు ఇచ్చుంటావు. కొత్తది అట్టుకెల్లు. అక్కడికెల్లాక ఫోన్ సెయ్యి," అన్నాడు. బిస్కెట్ డబ్బా నా వైపు చూసి నవ్వినట్టనిపించింది. కొత్త వైరు పెట్టె సంచిలో వేసుకుని బొబ్బిలి బస్సెక్కాను. బొబ్బిలిలో దిగి సాలూరు బస్సు. దారి పొడుగునా నా ఒక్కదాని పిసినారితనం వల్ల ఒక మనిషి నడుం విరిగిపోతోందనే లెక్క తప్ప ఇంకో లెక్క తోచలేదు.

పదకొండు దాటేసరికి వాళ్లింటికి చేరాను. ముందుగదిలో బల్ల మీద టీవీ, దాని మీద ప్లాస్టిక్ తొడుగు తీయకుండా అలాగే ఉంది, పైన మూడు కుంకుమ బొట్లు. దాని ఎదురుగా ఇటుకల మీద ఎత్తిపెట్టిన అసలు సిసలు లారీ డ్రైవరు సీటు. పాత బండిని ముక్కలు చేసే షెడ్డు నుంచి తెచ్చుకున్నాడట. ఆ సీటులో తప్ప ఇంక దేనిలోనూ నడుం నిలవదట. ఒళ్లో చెక్క, చెక్క మీద మౌసు. ఎర్ర గుర్తులు పడినవి మళ్లీ గీస్తున్నాడు.

"ఎన్నున్నాయి?"

"ఎర్ర గుర్తులయ్యీ కలిపి నూట తొంబై. అయిదింటికల్లా అవ్వవత్తా. బాణం వచ్చేదాకా దాన్ని బతిమాలి గీస్తన్నాను."

నేను చెంబుడు నీళ్లు తాగి పని మొదలుపెట్టాను. ముందు నేను పెంచించిన సెట్టింగు తీసేయించాను. కొంచెం మెరుగు, అంతే. పాత వైరు పీకి కొత్త వైరు పెట్టాను. ఏ మార్పూ లేదు. పాలకొండకు ఫోన్ కలిపి స్పీకరు పెట్టాను.

మెకానిక్ ఎవరింట్లోనో గోడకు కన్నం వేస్తూ మాట్లాడుతున్నాడు. "కంప్యూటర్లో డిస్‌ప్లే సెట్టింగ్స్‌కెల్లండి. అడ్వాన్స్‌డ్ అని ఉంటాది, నొక్కండి. రిఫ్రెష్ రేటు అని ఉంటాది. ఎంతున్నాది?"

డ్రైవరు కళ్లు చికిలించి చూశాడు. "ముప్పై."

"ముప్పయ్యా?" డ్రిల్లు ఆగింది. "దాని మీద నొక్కి సూడండి, అరవై ఉంటాది."

"ముప్పై, ఇరవై అయిదు, ఇరవై నాలుగు. అరవై నేదు."

"ఒరే తమ్ముడూ," అన్నాను నేను, "పెట్టె మీద నూట ఇరవై అని రాసుంటే ముప్పై ఏటి?"

"అప్పా, ఆ నూట ఇరవై కంపెనీవోడు పొగడ్డానికి రాసుకున్నది. ఆ టీవీ సెకనుకి అరవై సార్లు బొమ్మ మారుస్తాది, అదీ దాని అసలు సత్తా. కానీ బొమ్మలు పంపేది కంప్యూటరు గదా. ఆ లాప్‌టాప్ పాతది. ఫోర్ కే అంటే పెద్ద బొమ్మ. అంత పెద్ద బొమ్మని అది సెకనుకి ముప్పై సార్లకంటే పంపనేదు. వైరు మార్సినా పంపనేదు. బొమ్మ సైజు తగ్గించండి. మామూలు హెచ్‌డీ పెట్టండి, అరవై వచ్చేస్తాది." మళ్లీ డ్రిల్లు మొదలైంది.

అంతే. మందు అరనిమిషంలో దొరికింది. అది మింగడానికి మాకు ముప్పావుగంట పట్టింది. ఎందుకంటే డ్రైవరు మౌసు వదిలేసి నా వైపు తిరిగాడు.

"అత్తా, ఫోర్ కే అని సెప్పి అమ్మినావు. ఇప్పుడు ఫోర్ కే తీసేయమంటన్నావేటి?"

సిగ్గు విడిచి చెబుతున్నాను, నేను ఆయన పక్షానే ఉన్నాను. పెద్దది కొని చిన్నది వాడటమా? నాలుగు గదుల ఇల్లు కట్టుకుని ఒక గదిలో పడుకోవడమా? నేను ఇంట్లో టార్చిలైటు బ్యాటరీ కూడా పూర్తిగా చచ్చేదాకా వాడే మనిషిని. ఇంకో దారి ఏదైనా ఉంటుందని ఇద్దరం ఆ సెట్టింగులన్నీ తిరగేశాం. వైరును టీవీ వెనకున్న ఒక్కొక్క కన్నంలోనూ పెట్టి చూశాం. కంప్యూటరు ఆపి మళ్లీ వేశాం. ఆయన ఒకసారి లాప్‌టాప్ మీద చెయ్యి పెట్టి, వేడెక్కిందేమో, చల్లారనిద్దామన్నాడు. చల్లారనిచ్చాం కూడా. గోడ గడియారం పన్నెండున్నర చూపిస్తోంది.

ఆమె వంటగది గుమ్మంలో నిలబడి మమ్మల్ని ఎంతసేపు చూసిందో. చేతిలో గరిటె ఉంది.

"బొమ్మ నున్నగా ఉంటే ఎవలకి కావాలి?" అంది. "కొన్నది మొత్తం వాడుకోవాలని ఇద్దరూ కూకున్నారు. సోమారం ఈయన లారీ ఎక్కితే ఆ బొమ్మ నేనొక్కదాన్నే కూకుని సూడాల. నాకొద్దు."

ఆయన సీటులో వెనక్కి చేరబడ్డాడు. నాతో కాదు, టీవీతో అన్నట్టుగా అన్నాడు.

"లోడు దింపితే స్పీడందుకుంటాదని సెప్పతన్నాడు మీ మెకానిక్కు."

"ఏటి?"

"కొండెక్కే రోడ్డు, సుంకి ఘాటీ ఉన్నాది గదా అత్తా. పాత ఇంజను బండికి నిండా లోడేస్తే, ఎక్కుతాది. ఎక్కదని కాదు. నడిసెల్లే మడిసి దాటిపోతాడు. అదే బండికి సగం దింపి సూడు. ఓనరు ఏడుస్తాడు, నిండా ఎయ్యనేదని. బండి మాత్రం పరిగెడతాది." మౌసు తీసుకున్నాడు. "బండి పాతదైతే లోడు తగ్గించాల. నాకు తెలీదేటి ఇది."

సైజు తగ్గించి నొక్కాడు. తెర మొత్తం నల్లగా అయిపోయింది. బొమ్మ మళ్లీ వచ్చింది, దాని మధ్యలో ఇంగ్లీషులో ఏదో అడుగుతూ ఒక చిన్న గడి. దాన్ని ముగ్గురం అలా చూస్తూ ఉండగానే మళ్లీ నల్లబడి పాత బొమ్మే వచ్చేసింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. పాలకొండకు మళ్లీ ఫోన్. "ఉంచమంటారా అని అడుగుతాది. పదిహేను సెకన్లలో ఊ అనాల. అనకపోతే మీకు నచ్చనేదని ఎనక్కి తిప్పేస్తాది," అన్నాడు మెకానిక్. మొహమాటపడే కంప్యూటరని నాకు తెలియదు. రెండోసారి డ్రైవరు ఆ గడి కనపడీ కనపడగానే నొక్కాడు. తర్వాత అంకెల జాబితా తెరిచాడు. అందులో అరవై ఉంది.

బొమ్మ చిన్నదైపోతుందని మేము పడిన బాధంతా దండగ. టీవీ నిండా అలాగే ఉంది. అక్షరాలు కాస్త పెద్దవయ్యాయి కూడా. గీతల్లో నునుపు తగ్గిందేమో, ఆ ప్లాస్టిక్ తొడుగు మీద నుంచి అదీ తెలియలేదు.

"అరవై పెట్టే ముందు ఉండు," అన్నాను. రెండుసార్లు మోసపోయిన దాన్ని, అంకెను మళ్లీ నమ్మదలచుకోలేదు. "ముప్పై మీదే ఉంచి మౌసును గబగబా గుండ్రంగా తిప్పు."

తిప్పాడు. తెర మీద బాణం ఒకటి కాదు, సున్నా ఆకారంలో బాణాల వరస కనిపించింది. బాణానికీ బాణానికీ మధ్య నా రెండు వేళ్లు దూరేంత ఖాళీ. తెరకు దగ్గరగా వెళ్లి కంటికి ఆనినంతవరకు లెక్కపెట్టాను. ఎనిమిదో తొమ్మిదో. తర్వాత అరవై పెట్టించి, అదే జోరుగా తిప్పమన్నాను. బాణాలు దగ్గరికి జరిగాయి. ఒక వేలే దూరుతుంది. లెక్కపెడితే దాదాపు రెట్టింపు.

నాకు ఒక్కసారిగా తెలిసిపోయింది. ఇది కుట్టు. గోనెసంచి మూతి కుట్టేటప్పుడు జానెడు మేర ఇన్ని కుట్లని ఉండాలి. కుట్టుకీ కుట్టుకీ మధ్య ఎడం ఎక్కువైతే సంచి పైకి బాగానే కనిపిస్తుంది, బియ్యం పోశాక అక్కడి నుంచే కారుతుంది. మా సెక్షన్‌లో తనిఖీ చేసేవాడు సంచిని మెచ్చుకోడు, కొలకర్ర పెట్టి కుట్లు లెక్కపెడతాడు. రిఫ్రెష్ రేటంటే జానెడుకు ఎన్ని కుట్లో అంతే. టీవీ ఒక సెకను పొడుగున బొమ్మను ఎన్నిసార్లు కుడుతుందన్నమాట. చేప మెల్లగా పోతుంది కాబట్టి ఎడం కుట్టు పట్టుబడదు. మౌసు పరుగెడుతుంది కాబట్టి పట్టుబడుతుంది. ఈ ముక్క పదకొండేళ్ల కిందట ఎవరైనా ఇలా చెప్పి ఉంటే, ఆ నూట ఇరవైని నేను నోటితో పలికి ఉండేదాన్ని కాదు.

ఇంకో పని కూడా చేశాను. కొత్త వైరు పీకేసి నా డబ్బాలోని పాత వైరు మళ్లీ పెట్టాను. అరవై అలాగే ఉంది. పాపం దాని తప్పేమీ లేదు. కొత్త వైరు పెట్టెలో సర్దుతుంటే ఆమె నవ్వింది, ఆ రోజుకు మొదటిసారి.

ఒంటిగంట నుంచి ఆయన గీయడం మొదలుపెట్టాడు. నేను ఆఖరి బస్సులోగా వెళ్తే చాలని కూర్చున్నాను. చెయ్యి ఎక్కడ ఆగితే బాణం అక్కడ ఆగుతోంది. లారీ, గడి. బస్సు, గడి. గేదె, గడి. ఆయన నోరు కూడా తెరుచుకుంది. ఏ దేశం రోడ్లో తెలియదు, ప్రతి బండికీ ఒక మాట అనేవాడు. "ఈడు లోడు ఒక పక్కకేసాడు. ఈ బండికి ఎనక టైరు గాలి నేదు. ఈడు నిద్రలో తోల్తన్నాడు సూడు, గీత దాటేసాడు." ఆమె అన్నం కలిపి నోట్లో పెడుతుంటే తెర మీద నుంచి కళ్లు తిప్పకుండా తిన్నాడు. మూడింటికి ఇంకా డెబ్భై ఉన్నాయి. నాలుగింటికి ముప్పై.

నాలుగున్నరకు ఒక ఫొటో దగ్గర ఆగిపోయాడు. ఎండలో రోడ్డు పక్కన ఆపి ఉన్న లారీ. గడి గీసేశాడు. ఇంక వేరేదేమీ లేదు అందులో.

"ఏటి ఆగినావు? టైం లేదు."

"మడిసున్నాడు అత్తా."

నేను చూశాను. ఆమె చూసింది. మాకు లారీ కింద నీడ తప్ప ఏమీ కనపడలేదు. ఆయన బాణాన్ని ఆ నీడలోకి తీసుకెళ్లి వెనక టైర్ల మధ్య ఆపాడు. రెండు అరికాళ్లు. చింతగింజలంత.

"మజ్జానం ఎండకి బండి కిందే తుండుగుడ్డ పరుసుకుని తొంగుంటాం, సల్లగుంటాదని," అన్నాడు. "తెలీనోడు వచ్చి బండి తీసేస్తే అంతే."

ఆ అరికాళ్ల చుట్టూ గడి గీయడానికి రెండు మూడు నిమిషాలు తీసుకున్నాడు. ఒక వెంట్రుక వెడల్పు అటు జరిపాడు, ఒక వెంట్రుక ఇటు. ముప్పై మీద ఉండగా ఆ గడి ఆయన తరం అయ్యేది కాదు. కింద 'మనిషి' అని గుర్తు పెట్టాడు. గడియారం చూస్తూ నేను చీర కొంగు మెలిపెడుతూ కూర్చున్నాను తప్ప తొందరపెట్టలేదు. ఆఖరి ఫొటో పంపేసరికి అయిదుకు నాలుగు నిమిషాలు ఉంది.

ఆదివారం కొట్టుకు సెలవైనా ఓనరు ఇంటికి వెళ్లి చెప్పవలసింది చెప్పాను. పెన్‌డ్రైవ్ చేపలు ఉండనీ, పక్కన ఒక పాత కంప్యూటరు కూడా పెట్టు. కంప్యూటరుకని ఎవరొచ్చినా వాళ్ల చేతే మౌసు తిప్పించి చూపిద్దాం. ఎంత పెద్ద టీవీ కావాలి అని కాదు, దానికి తగిలించేది ఎప్పటిది, దాంతో ఏం పని చేస్తారు అని అడుగుదాం. ఆయన "కరెంటు అవుతాది గదప్పా" అని నా మాటే నాకు అప్పజెప్పాడు. అయినా మంగళవారానికి పెట్టాడు. ఆ పెట్టె మీది నూట ఇరవై గురించి ఎవరైనా అడిగితే, అది కంపెనీవాడి సంతోషం అని చెప్పేదాన్ని. దానివల్ల అమ్మకం తగ్గలేదు. మీరూ చెప్పి చూడండి.

సోమవారం పొద్దున్న కొట్టు తీసి ఇంకా తుడుస్తున్నారు, ఫోన్ మోగింది. ఆమె. మాట వినపడలేదు, లారీ హారను మోత. ఒకసారి కాదు, రెండుసార్లు, సాగదీసి.

"ఏటది?" అన్నాను.

"రాయ్‌పూర్ లోడు బండి పిన్నీ. ఈదిలోకొచ్చి హారన్ కొడతన్నాడు, రమ్మని."

"ఆ పరీక్ష ఏటైంది?"

"ఇప్పుడే వచ్చింది మెసేజీ. తీసుకున్నారంట. ఆ కాల్లు ఉన్న ఫొటో ఇంకా సానామందికి ఇచ్చారంట, కాల్లకి గడి గీసినోడు ఈయనొక్కడేనంట. రేపట్నించి పని."

నేను పక్కనున్న టీవీ పెట్టె మీద కూర్చున్నాను. కూర్చోకూడదని అందరికీ చెప్పే పెట్టె అది. ఫోన్‌లో ఎవరిదో కేక, ఆయన జవాబు, ఇంజను గట్టిగా మొరిగిన చప్పుడు. గేరు మారింది. ఆ చప్పుడు మెల్లగా దూరమవుతోంది.

"బండి ఎల్లిపోతన్నాదా? ఎవలు తోల్తన్నారు?"

"ఎవలైతే నాకేటి పిన్నీ," అంది ఆమె. "ఈయన గుమ్మంలో ఉన్నాడు."